పాత బండిలోనుంచి పందెపు బండి
ఆస్టిన్ సెవెన్ చెప్పే చరిత్ర

యంత్రాన్ని తయారుచేసేవాడు ఒకడు, దానిని వాడుకొనేవాడు మరొకడు అనే విభజన గడియారాల విషయంలో నిలిచింది, రేడియోల విషయంలో కొంతవరకు నిలిచింది. మోటారు కారు విషయంలో మాత్రం నిలవలేదు. కారు కొన్నవాడు దాని మూత ఎత్తి చూడకుండా ఉండలేకపోయాడు. చూచినవాడు విప్పకుండా ఉండలేదు. విప్పినవాళ్ళలో కొందరు దానిని పూర్వపు స్థితికి తెచ్చి తృప్తిపడ్డారు. మరికొందరు మాత్రం, ఇది ఇట్లా ఎందుకుండాలి, ఇంకొక విధంగా ఉంటే ఏమవుతుంది అని ప్రశ్నించారు. ఈ ప్రశ్న వేసినవారిలో కొద్దిమంది చేతులలో మోటారు ఇంజనీరింగు చరిత్రే మలుపు తిరిగింది.

ఇట్టి ప్రయోగాలకు ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువగా ఉపయోగపడిన కారు ఇంగ్లండులో తయారైన ఆస్టిన్ సెవెన్. అది నిజానికి పందెపు కారు కాదు. సామాన్య కుటుంబం కొరకు ఉద్దేశించిన చిన్న బండి. అయినా ఇంటి వెనుక షెడ్డులో, పరిమితమైన పనిముట్లతో, పరిమితమైన డబ్బుతో మనిషి ఎంత దూరం పోగలడో తెలిసికోవటానికి దాని చరిత్రకు మించిన ఉదాహరణ దొరకదు.

బిలియర్డు గదిలో పుట్టిన బండి

హెర్బర్ట్ ఆస్టిన్ 1905లో బర్మింగ్‌హాం సమీపాన లాంగ్‌బ్రిడ్జిలో కార్ల కర్మాగారం స్థాపించాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఆ సంస్థ పెద్ద కార్లపై ఆశలు పెట్టుకొని అప్పులపాలైంది. 1921లో అది ఋణదాతల తరఫు అధికారి పర్యవేక్షణ కిందికి పోయింది. మోటారు సైకిలుకు పక్కబండి తగిలించుకొని భార్యాబిడ్డలతో వానలో తడుస్తూ తిరిగే సామాన్యునికి ఒక నిజమైన కారు ఇవ్వాలని ఆస్టిన్ ఆలోచన. డైరెక్టర్లు ఒప్పుకోలేదు. అప్పుడాయన కర్మాగారంలో నక్షాలు గీసే స్టాన్లీ ఎడ్జి అనే పద్దెనిమిదేళ్ళ యువకుణ్ణి తన ఇంటికి పిలిపించుకున్నాడు. లికీ గ్రేంజి అనే ఆ ఇంటిలోని బిలియర్డు గదిలో, ఆ ఇద్దరూ కలిసి కారు నక్షాలు తయారుచేశారు. రెండు సిలిండర్ల ఇంజను చాలునని ఆస్టిన్ అభిప్రాయం. నాలుగు ఉంటేనే మేలని వాదించి ఒప్పించినది ఆ యువకుడే. 1922లో కారు లోకానికి వెల్లడైంది.

సెవెన్ అనే పేరుకు కారణం ఒక పన్ను. బ్రిటనులో 1921నుంచి కారు యజమాని ఒక్కొక్క అశ్వశక్తికి ఏడాదికి ఒక పౌను చొప్పున పన్ను చెల్లించవలసివచ్చింది. అయితే ఈ అశ్వశక్తి ఇంజనును పరీక్షించి కొలిచినది కాదు. సిలిండరు వ్యాసాన్ని అంగుళాలలో కొలిచి, వర్గుచేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగిస్తే వచ్చే లెక్క మాత్రమే. మొదటి ఆస్టిన్ సెవెన్‌లో సిలిండరు వ్యాసం సుమారు 2.125 అంగుళాలు. లెక్క వేస్తే 7.2 వస్తుంది. త్వరలోనే వ్యాసాన్ని 2.2 అంగుళాలకు పెంచారు. అప్పుడు 7.7 వచ్చింది, ఇంజను ఘనపరిమాణం 696 నుంచి 747 ఘన సెంటీమీటర్లకు పెరిగింది. ఈ సూత్రంలో పిస్టను నడిచే దూరానికి స్థానం లేదన్నది గమనించదగిన విషయం. వ్యాసం పెరిగితే పన్ను పెరుగుతుంది, నిడివి పెరిగితే పెరగదు. అందుచేతనే ఆ కాలపు బ్రిటిషు ఇంజన్లు సన్నగా, పొడవుగా ఉండేవి. చట్టం ఇంజను ఆకారాన్ని శాసించిన ఘట్టమిది.

ఈ కారు కట్టడం చాలా సరళం. ముందువైపు సన్నగా, వెనుకకు పోయినకొద్దీ వెడల్పుగా ఉండే ఇనుప చట్రం. ముందు ఇరుసుకు అడ్డంగా ఒకే కమాను. వెనుక రెండు సగపు కమానులవంటి పట్టీలు. నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉండటం ఆ తరగతి కార్లలో ఆనాటికి విశేషం. మామూలు బండి ఇంజను సుమారు 10 అశ్వశక్తి ఇచ్చేది. 1939లో ఉత్పత్తి నిలిచేనాటికి దాదాపు 2,90,000 బండ్లు తయారైనవి. జర్మనీలో డిక్సీ అనే పేరుతో దీనినే అనుమతిపై తయారుచేసేవారు. 1928లో ఆ సంస్థను కొనటంతో బి.ఎం.డబ్ల్యు. కార్ల ఉత్పత్తిలోకి ప్రవేశించింది.

చిన్న ఇంజను, పెద్ద పందెం

బండి చిన్నదైనా పందెములలో దానికి తొందరగానే పేరు వచ్చింది. ఆస్టిన్ అల్లుడైన ఆర్థర్ వెయిట్ 1923లో ఇటలీలోని మోంజాలోను, 1928లో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ దీవిలోను దీనితో గెలిచాడు. 1929లో ఐర్లండులోని అల్‌స్టర్‌లో జరిగిన పందెంలో చూపిన ప్రతాపానికి గుర్తుగా అల్‌స్టర్ అనే పేరుతో రెండు సీట్ల పందెపు రకాన్ని అమ్మకానికి పెట్టారు. 1930లో బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన 500 మైళ్ళ పందెంలో ఎస్.సి.హెచ్. డేవిస్, మార్చ్ ప్రభువు కలిసి నడిపిన ఆస్టిన్ సెవెన్ గంటకు 83 మైళ్ళకు పైబడిన సగటు వేగంతో గెలిచింది. ఆ పందెంలో ఇంజను పరిమాణాన్నిబట్టి బండ్లకు వెనుకముందుల వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. అయినా 747 ఘన సెంటీమీటర్ల ఇంజను అంత వేగంతో 500 మైళ్ళు పగలకుండా తిరగటం సామాన్యమైన సంగతి కాదు.

పందెపు రకాలు కొద్దిగా మాత్రమే తయారైనవి. కాని మామూలు బండ్లు లక్షలు. పదేళ్ళు తిరిగేసరికి పాతబండ్ల అంగళ్ళలో అవి కారుచౌకగా దొరకసాగినవి. పందెపు రకానికీ, మామూలు రకానికీ మూల కట్టడం ఒక్కటే కాబట్టి, దానిని దీనిగా మార్చవచ్చునన్న ఆశ యువకులకు కలిగింది. పై బాడీ ఊడదీసి, చట్రంమీద తేలికైన రేకు బాడీ కట్టుకొన్న ఇట్టి బండ్లను స్పెషల్ అని పిలిచేవారు. 1939లో ఇట్టి అభిమానులు 750 మోటారు క్లబ్బును స్థాపించుకున్నారు.

మార్పులలోని సూత్రాలు

బండిని వేగవంతం చేయటం అంటే పెద్ద కార్బురేటరు తగిలించటమేనని కొత్తవాడు అనుకుంటాడు. పని మొదలుపెట్టిన తరువాత, యంత్రంలో ఒకచోట చేసిన మార్పు మరొకచోట బయటపడుతుందని తెలిసివస్తుంది.

మొదటి సంగతి క్రాంకుషాఫ్టు. ఆస్టిన్ సెవెన్ తొలి ఇంజన్లలో ఇది రెండు కొసలలో మాత్రమే బేరింగులపై ఆనుకొని ఉంటుంది. నడుమ ఆధారం లేదు. ఇద్దరు పిల్లలు రెండు కొసలు పట్టుకొని తాడు తిప్పితే నడుమ తాడు బయటకు ఉబుకుతుంది గదా. ఉక్కు షాఫ్టు కూడ, కంటికి కనిపించనంతగానైనా, అట్లాగే వంగుతుంది. ఈ వంచే బలం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే షాఫ్టును 4,800 చుట్లు తిప్పితే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కాబట్టి హెడ్డును చెక్కి మిశ్రమాన్ని మరింత బిగువుగా నొక్కి, శక్తి పెంచుకొన్నవాడు షాఫ్టు తూకాన్ని సరిచూడకపోతే, దారిలో అది విరిగి చేతికి వచ్చేది. 1936లో కర్మాగారంవారే నడుమ మూడవ బేరింగు చేర్చారు.

రెండవది నూనె. కొత్తకాలపు ఇంజన్లలోవలె షాఫ్టులోనికి నూనెను ఒత్తిడితో ఎక్కించే ఏర్పాటు వీటిలో లేదు. సన్నని రంధ్రాలనుంచి చిమ్మిన నూనెధార తిరుగుతున్న షాఫ్టు అంచునున్న కన్నాలలో పడి, అపకేంద్ర బలంచేత బేరింగులకు చేరాలి. ఆ రంధ్రాలలో ఒక్కటి మకిలితో పూడిపోతే చాలు, ఆ బేరింగులోని తెల్ల లోహం కరిగిపోతుంది. అందుచేత పాత ఇంజనును తిరిగి కట్టేవాడు మొదట చేయవలసిన పని శక్తిని పెంచటం కాదు. ఈ రంధ్రాలను సన్నని తీగతో శుభ్రపరచటం.

మూడవది బ్రేకులు. చలనశక్తి కూడ వేగపు వర్గాన్ని అనుసరించేదే. గంటకు 35 మైళ్ళ వేగంతో పోయే బండిని ఆపటానికి ఎంత శక్తిని వేడిగా మార్చాలో, 70 మైళ్ళ వేగంతో పోయే బండికి దానికి నాలుగు రెట్లు మార్చాలి. ఆస్టిన్ సెవెన్ బ్రేకులు తీగలతో పనిచేసేవి. 1930వరకు ముందు చక్రాలకు చేతి మీట, వెనుక చక్రాలకు కాలి మీట వేరువేరుగా ఉండేవి. తీగలు సాగేవి, ఒక పక్క ముందు పట్టి బండిని పక్కకు లాగేవి. తెలివిగల స్పెషల్ నిర్మాత ఇంజనుపై చేయి వేయటానికి ముందే బ్రేకుల సంగతి చూచుకొనేవాడు. ఈ వరుస తప్పినవారు తమ ప్రాణానికే గాక దారిన పోయేవారి ప్రాణానికి కూడ ముప్పు తెచ్చారు.

ఇక మలుపుల సంగతి. వెనుక పట్టీలు బాగా వంపుగా ఉండటంవల్ల మలుపులో బండి ఒరిగినప్పుడు వెనుక ఇరుసు కొద్దిగా పక్కకు తిరిగి, తానే బండిని నడపబోయేది. పట్టీలను చదునుగా కొట్టిస్తే బండి కిందికి దిగేది, ఈ దోషమూ తగ్గేది. ముందు ఇరుసును నడుమ కోసి, రెండు ముక్కలను కీళ్ళపై నిలిపి, రెండు చక్రాలూ వేరువేరుగా ఎగిరిపడేటట్లు చేసే పద్ధతిని లెస్లీ బలామీ ప్రచారంలోనికి తెచ్చాడు.

మజ్‌వెల్ హిల్ గ్యారేజి

రెండవ ప్రపంచయుద్ధానంతరం బ్రిటనులో కొత్తకార్లు విదేశాలకు పోయేవి. స్వదేశంలో దొరికేవి పాతవే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కట్టడాల ఇంజనీరింగు చదువుతున్న కాలిన్ చాప్‌మన్ అనే విద్యార్థి ఖర్చులకోసం స్నేహితునితో కలిసి పాతకార్లు కొని అమ్మేవాడు. 1947 చివరలో ప్రభుత్వం సొంత కార్లకిచ్చే పెట్రోలు రేషను రద్దుచేయటంతో పాతకార్ల ధరలు పడిపోయినవి. అమ్ముడుపోకుండా మిగిలినవాటిలో పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి. దానిని మజ్‌వెల్ హిల్‌లో తన స్నేహితురాలు హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇంటి వెనుక గ్యారేజిలో పెట్టి, 1948లో స్పెషల్‌గా మార్చాడు.

ఇతరులు చట్రాన్ని బలానికి, బాడీని అందానికి అని విడివిడిగా చూచేవారు. చాప్‌మన్ విశ్వవిద్యాలయ వైమానిక దళంలో విమానం నడపటం నేర్చినవాడు. విమానపు చర్మం కేవలం కప్పుగా ఉండదు; అది కూడ భారం మోస్తుంది. ఈ సూత్రాన్ని అతడు తన బండికి అన్వయించాడు. పల్చని అల్యూమినియం రేకు అంటించిన ప్లైవుడ్డు పలకలతో బాడీ కట్టి, అడ్డగోడలతో బిగించి, అది చట్రం మెలితిరగకుండా పట్టి ఉంచేటట్లు చేశాడు. ఖరీదైన భాగమేదీ చేర్చలేదు; ఉన్నదానికే రెండవ పని అప్పగించాడు. బురద గుట్టలెక్కే పోటీలలో ఈ బండి బహుమతులు తెచ్చింది. దానికి లోటస్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎందుకు పెట్టాడో అతడు ఎన్నడూ బయటపెట్టలేదు.

ఒక చిన్న అడ్డుగోడ

యుద్ధం తరువాత 750 మోటారు క్లబ్బు ఆస్టిన్ సెవెన్ ఇంజను, చట్రం ఉన్న బండ్లకు ప్రత్యేకంగా పందెపు నిబంధనలు ఏర్పరచింది. డబ్బు తక్కువైనవాడికి కూడ పందెంలో స్థానం ఉండాలన్నది దాని ఉద్దేశం. 1951లో చాప్‌మన్ ఈ తరగతికోసం అలెన్ సోదరుల సహాయంతో మూడవ బండిని కట్టాడు. ఆ ఏడాది దానికి ఎదురు లేకపోయింది. దాని రహస్యం ఇది.

ఆస్టిన్ ఇంజనులో నాలుగు సిలిండర్లున్నా మిశ్రమం లోనికి పోయే ద్వారాలు రెండే. ఒకటి రెండు సిలిండర్లకు ఒక ద్వారం, మూడు నాలుగింటికి మరొక ద్వారం. ఇంజను 1, 3, 4, 2 అనే క్రమంలో పేలుతుంది. అంటే, ఒకే ద్వారం పంచుకొనే రెండు సిలిండర్లు ఒకదాని వెంట ఒకటిగా మిశ్రమాన్ని పీలుస్తాయి. మొదటి సిలిండరు వాల్వు ఇంకా పూర్తిగా మూతపడకముందే రెండవది పీల్చటం మొదలుపెట్టి, మొదటిదానికి చేరవలసిన చివరి వంతును లాక్కొంటుంది. ఒకే కంచంలో తినే అన్నదమ్ముల తగవు వంటిదిది.

ద్వారాలు కొత్తగా తొలచటానికి నిబంధనలూ, ఇనుప దిమ్మె కట్టడమూ అడ్డం. చాప్‌మన్ ఉన్న ద్వారంలోనే నిడివిగా ఒక పల్చని అడ్డుగోడ దూర్చి, దానికి తగిన గొట్టాలు అమర్చాడు. రెండు ద్వారాలు నాలుగైనవి. నిబంధనల అక్షరానికి ఇందులో భంగం లేదు. శక్తి మాత్రం స్పష్టంగా పెరిగింది. మిగిలినవారు అందుకోలేకపోవటంతో క్లబ్బువారు తరువాత నిబంధన మార్చి ఈ ఏర్పాటును నిషేధించారు. ఒక యువకుడు దూర్చిన రేకుముక్క కోసం చట్టం మారిందంటే, ఆ ఆలోచన విలువ దానినిబట్టే తెలుస్తున్నది.

1952 జనవరి 1న లోటస్ ఇంజనీరింగు సంస్థ ఏర్పడింది. హేజెల్ అప్పుగా ఇచ్చిన 25 పౌన్లు, హార్న్‌సీలో చాప్‌మన్ తండ్రి నడిపే హోటలు వెనుకనున్న పాత గుర్రపుశాల, ఇవే దాని మూలధనం. అప్పటి బ్రిటనులో పూర్తిగా తయారైన కారుకు కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొని ఇంటివద్ద బిగించుకొంటే ఉండేది కాదు. లోటస్ కార్లు చాలవరకు ఈ రూపంలోనే పెట్టెలకెత్తి అమ్ముడుపోయినవి. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఇందులో ప్రసిద్ధం. 1973లో పన్ను పద్ధతి మారి ఈ వెసులుబాటు పోయింది. ఆ ఏడే ఆ బండి హక్కులు కేటర్‌హాం సంస్థ చేతికి వచ్చినవి. ఆ నమూనా నేటికీ తయారవుతున్నది.

ఆక్లండులో మరొక షెడ్డు

భూగోళానికి ఆవలివైపున న్యూజీలండులోని ఆక్లండు నగరంలో లెస్ మక్‌లారెన్ అనే ఆయనకు పెట్రోలు బంకు, మరమ్మతు షెడ్డు ఉండేవి. ఆయన కుమారుడు బ్రూస్‌కు బాల్యంలో తుంటి ఎముకకు పెర్తిస్ వ్యాధి సోకి, రెండేళ్ళు మంచానికే అంటిపెట్టుకొని ఉండవలసివచ్చింది. ఒక కాలు కురచబడింది. 1950 దశకం తొలి ఏళ్ళలో లెస్ 1929నాటి ఆస్టిన్ అల్‌స్టర్ ఒకటి కొన్నాడు. అది బండిగా కాదు, భాగాలుగా ఇంటికి వచ్చింది. తండ్రీకొడుకులు కలిసి దానిని తిరిగి కట్టారు. పూర్తయిన తరువాత అమ్మివేద్దామని తండ్రి, ఉంచుకుందామని కొడుకు. కొడుకు మాటే నెగ్గింది. పదిహేనవ ఏట బ్రూస్ ఆ బండితోనే కొండ ఎక్కే పోటీలో తొలిసారి పాల్గొన్నాడు. ఎక్కడ ఏ భాగం ఎందుకున్నదో విప్పి చూచి నేర్చినవాడు కాబట్టి, నడపటంతో పాటు నిర్మాణంలో కూడ అతడికి పట్టు చిక్కింది. 1963లో తన పేరుతో పందెపు కార్ల సంస్థ స్థాపించాడు. 1970 జూన్ 2న గుడ్‌వుడ్‌లో కొత్తకారును పరీక్షిస్తుండగా దాని వెనుక బాడీ ఊడి, బండి అదుపు తప్పి మరణించాడు. అప్పటికి అతడికి 32 ఏళ్ళు.

పూర్వరూపమా, మార్పా?

1950 దశకంలో ఇంగ్లండులో ఈ అభిరుచి ఉచ్చస్థితికి వచ్చింది. ఇంటిలో రేకు వంచటం చేతకానివారికోసం గాజునార బాడీలు తయారుచేసి అమ్మే చిన్న సంస్థలు వెలిసినవి. యుద్ధకాలపు విమానరంగాలు పందెపు బాటలైనవి. మన దేశంలో కూడ మద్రాసుకు ఉత్తరాన షోలవరం విమానరంగంలో ఇంటివద్ద కట్టిన స్పెషళ్ళు చాలా ఏళ్ళు పరుగులు తీసినవి. 1959లో కొత్త చిన్నకారు మినీ రావటం, 1960లో బ్రిటిషు ప్రభుత్వం పదేళ్ళు దాటిన బండ్లకు భద్రతా పరీక్ష ప్రవేశపెట్టటం ఈ ఉత్సాహాన్ని కొంత తగ్గించినవి.

ఈ వెల్లువలో జరిగిన నష్టం చిన్నదేమీ కాదు. ఒక్కొక్క స్పెషల్ కోసం ఒక్కొక్క మామూలు కారు బలి అయింది. తలుపులు, కప్పులు, సీట్లు చెత్తకుప్పలకు చేరినవి. ఆనాడు అవి పాత ఇనుము. ఈనాడు ఆ మామూలు కార్లే అరుదై, వాటిని పూర్వరూపానికి తెచ్చేవారు అట్టి తలుపుకోసం, అట్టి సీటుకోసం ఏళ్ళ తరబడి వెదుకుతున్నారు. చిత్రమేమంటే, ఆనాటి స్పెషళ్ళు కూడ ఇప్పుడు చారిత్రక వస్తువులే. ఒక స్పెషల్‌ను ఊడదీసి మళ్ళీ మామూలు కారుగా మారిస్తే అది పునరుద్ధరణ అవుతుందా, మరొక విధ్వంసం అవుతుందా అన్నది నేటి అభిమానుల మధ్య తెగని వివాదం.

శిథిలమైన గుడిని బాగుచేసే శిల్పులకు కూడ ఇదే చిక్కు ఎదురవుతుంది. తొలినాటి కట్టడం ముఖ్యమా, తరువాతివారు చేర్చిన మంటపం ముఖ్యమా అని. దీనికి ఒకే జవాబు లేదు. అయితే అనుభవజ్ఞులు పాటించే నియమం ఒకటి ఉన్నది. మార్పు ఏదైనా, తిరిగి విప్పి వెనుకకు మళ్ళించటానికి వీలైనదిగా ఉండాలి. తీసిన భాగాన్ని పారవేయకుండా దాచాలి. చేసిన పనిని వ్రాసి ఉంచాలి. భద్రతకు సంబంధించిన బ్రేకుల వంటివాటిలో మాత్రం పూర్వరూపంకోసం పట్టుపట్టటం వివేకం కాదు.

వ్రాసి, దాచి ఉంచటంలోని విలువకు రెండు కార్ల కథే నిదర్శనం. బ్రూస్ మక్‌లారెన్ బాల్యంలో నడిపిన అల్‌స్టర్ భద్రంగా నిలిచి, అతడి పేరిటి సంస్థ వద్ద నేటికీ ఉన్నది. చాప్‌మన్ మొదటి లోటస్‌ను మాత్రం 1950లో, తరువాతి బండికి డబ్బు కావలసి, అమ్మివేశాడు. అది ఇంగ్లండు ఉత్తరభాగానికి పోయిందన్నంతవరకే జాడ. 2018లో, అది పుట్టి 70 ఏళ్ళయిన సందర్భంలో, దానిని వెదకిపెట్టవలసిందని లోటస్ సంస్థ లోకాన్ని కోరింది. ఏ గ్యారేజి మూలనో, ఏ గడ్డివామి కిందనో ప్లైవుడ్డు పలకల బాడీతో అది ఇంకా ఉన్నదేమో. లేక పనికిరాని పాత బండిగా ఎవరైనా ఏనాడో విడగొట్టి అమ్మివేశారేమో. ఎవరి ఇంటి షెడ్డులోనైనా అట్టి పాత బండి ఉంటే, రంపం చేతబట్టక ముందు అది ఎవరి చేతిపనో విచారించటం మంచిది.